డాక్టర్ల తెల్లకోటు: వార్డులో ఉండాలా, తీసేయాలా?

పేషెంట్ కొడుకు:
అమ్మకి షుగర్ పుండుకి ఆపరేషన్ అయ్యాక పదకొండు రోజులు వార్డులో ఉన్నాం. రౌండ్స్‌కి వచ్చే డాక్టరు గారు చాలా ఓపికమంతులు. కట్టు విప్పి చూడటానికి ఆయన వంగినప్పుడల్లా కోటు చేతి అంచు పుండు పక్కన దుప్పటికి రాసుకునేది. ఆ అంచు మీద బెటాడిన్ మరక ఒకటి సోమవారం చూశాను. శనివారం కూడా అక్కడే ఉంది. అదే కోటుతో పక్క మంచానికి, తర్వాత గేటు బయట టీ కొట్టుకి. తొమ్మిదో రోజు పుండుకి చీము పట్టింది. కోటు వల్లే అని నేననను. కానీ ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో 2008లోనే ఈ కోట్లు మాన్పించారు కదా, మనమెందుకు మానకూడదు?

హౌస్ సర్జన్:
అన్నా, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. కానీ తప్పంతా ఆప్రాన్ మీద, అదే మా తెల్లకోటు మీద వేయకండి. అమెరికాలోని డెన్వర్‌లో 100 మంది డాక్టర్ల మీద ఒక పరీక్ష చేసి 2011లో ప్రచురించారు. సగం మందికి అప్పుడే ఉతికిన పొట్టిచేతుల యూనిఫాం ఇచ్చారు, మిగతావాళ్లు రోజూ వేసుకునే కోట్లే వేసుకున్నారు. ఎనిమిది గంటల డ్యూటీ తర్వాత చూస్తే రెండింటి మీదా బ్యాక్టీరియా ఇంచుమించు ఒకటే. ఇంకో మాట. ఆప్రాన్ వేసుకున్నా నన్ను సిస్టర్ అనే పిలుస్తారు. అదీ తీసేస్తే ఆ రద్దీలో నేను డాక్టర్నని ఎవరికి తెలుస్తుంది?

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ నుంచి ఒక డాక్టరు:
గుంటూరులో చదివి ఇక్కడ పనిచేస్తున్నాను. కోట్లు మాన్పించిన ఆ రూలు 2007 సెప్టెంబరులో అప్పటి ఆరోగ్య మంత్రి అలన్ జాన్సన్ ప్రకటించారు. మోచేతి కింద బట్టల పొడుగు చేతులు, వాచీ ఏవీ ఉండకూడదు. యూనిఫాం వల్లే ఇన్ఫెక్షన్ పాకుతుందనడానికి గట్టి రుజువు లేదని అప్పట్లో వాళ్ల శాఖ సమీక్షే చెప్పింది. మరి రూలెందుకంటే, పొడుగు చేతులుంటే మణికట్టు దాకా సరిగ్గా కడగలేం. తర్వాత ఇక్కడ ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా) కేసులు బాగా తగ్గాయి, నిజమే. కానీ చేతుల శుభ్రత ప్రచారం, ఆసుపత్రులకి టార్గెట్లు, చేరేటప్పుడే పరీక్షలు, అన్నీ ఆ కాలంలోనే నడిచాయి. కోటు వాటా ఎంతో విడదీసి చెప్పలేం. అయినా నేను పొట్టిచేతుల వైపే. నష్టం ఏముంది?

స్టాఫ్ నర్స్:
ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. డాక్టరమ్మా, డెన్వర్ సంగతి సరే, మన హాస్టల్లో ఆప్రాన్ ఎన్నాళ్లకోసారి ఉతుకుతారో నిజం చెప్పండి. ఒక్కటే ఉంటుంది, ఉతికితే రేపటికి ఆరదు. అమెరికాలో ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2014లో ఇచ్చిన సలహా ఏంటంటే, కోటు వేసేవాళ్లకి కనీసం రెండు ఉండాలి, వారానికి ఒక్కసారైనా ఉతకాలి, పేషెంట్‌ని ముట్టుకునే ముందు తీసి తగిలించడానికి హుక్కులుండాలి. మా వార్డులో సెలైన్ సీసాలకే స్టాండ్లు చాలవు, ఇక హుక్కులెక్కడివి? నలభై మంచాలకి ఒక్క సింకు, దాని కుళాయి చేత్తోనే తిప్పాలి. కడిగిన చేత్తో మళ్లీ అదే కుళాయి కట్టాలి. కోటు తీసేయమంటే నాకూ సమ్మతమే, కానీ ముందు మోచేత్తో తిప్పే కుళాయి పెట్టించండి, మంచం మంచానికీ హ్యాండ్ రబ్ సీసా ఇవ్వండి.

హౌస్ సర్జన్:
సిస్టర్, నాకున్నది ఒక్కటే ఆప్రాన్. ఆదివారం ఉతుకుతాను, నైట్ డ్యూటీ పడితే అదీ లేదు. ఈ నెల స్టైపెండ్‌తో ఇంకోటి కుట్టించుకుంటాను, పొట్టిచేతులది.

పేషెంట్ కొడుకు:
గురువారం అమ్మని డ్రెస్సింగ్‌కి తీసుకెళ్తున్నాను. డాక్టరు గారిని కోటు తీయమని అడిగే ధైర్యం లేదు. కోటు చేతులు పైకి మడుచుకోమంటే తప్పుగా అనుకుంటారా?

హౌస్ సర్జన్:
అడగండి అన్నా. అమ్మగారి పుండు గురించే కదా. నన్నెవరైనా అలా అడిగితే మడుచుకునే ముట్టుకుంటాను.