దోపిడీ సొత్తును వేలంలో డబ్బిచ్చి కొని తెచ్చుకోవడం సబబేనా?

కృష్ణాతీరం:
2009 ఫిబ్రవరిలో క్రిస్టీస్ సంస్థ పారిస్‌లో ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త ఈవ్ సాఁ లారాఁ, ఆయన భాగస్వామి పియేర్ బెర్జేల కళాసేకరణను వేలం వేసింది. అందులో ఎలుక తల ఒకటి, కుందేలు తల ఒకటి, మొత్తం రెండు కంచు శిల్పాలున్నాయి. బీజింగ్ శివార్లలోని యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానంలో చియాన్‌లుంగ్ చక్రవర్తి కట్టించిన నీటి గడియారానికి చెందిన పన్నెండు జంతు శిరస్సులలోవి అవి. ఒక్కొక్క జంతువు తన వంతు వచ్చినప్పుడు నోటి నుంచి నీరు చిమ్మేది. ఆ ఉద్యానాన్ని 1860 అక్టోబరులో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు దోచుకున్నాయి. ఆ తరువాత బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు ఆజ్ఞపై తగలబెట్టారు. పారిస్ వేలంలో ఫోను ద్వారా పాడి, రుసుములతో కలిపి రెండు తలలనూ సుమారు 3.14 కోట్ల యూరోలకు దక్కించుకున్న చైనా వర్తకుడు త్సాయ్ మింగ్‌చావ్, కొద్ది రోజులకే బీజింగ్‌లో విలేకరుల ఎదుట తాను డబ్బు కట్టబోనని ప్రకటించాడు. ఆయన చేసినది సరైనదేనా? ఇలాంటి వస్తువులను కొని వెనక్కి తెచ్చుకోవాలా, లేక కొననే కూడదా? సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

సరిలెక్క:
పాట పాడినవాడు డబ్బు కట్టాలి. కట్టే ఉద్దేశం లేనివాడు పాడకూడదు. ఇందులో దేశభక్తికి చోటు లేదు.

పాత పింగాణీ:
చైనా, జపాన్ పింగాణీని చాలా కాలంగా సేకరిస్తున్నవాడిగా చెబుతున్నాను. కొని తెచ్చుకోవడమే పని జరిగే మార్గం. 2000లో హాంకాంగ్ వేలాలలో ఎద్దు, కోతి, పులి తలలను చైనా ప్రభుత్వరంగ సంస్థ పోలీ కొన్నది. అవి నేడు బీజింగ్‌లో ఉన్నాయి. పంది తలను, గుర్రం తలను మకావు వ్యాపారి స్టాన్లీ హో కొని దేశానికి ఇచ్చాడు.

జపాన్ వారు చేసినదీ ఇదే. పాతకాలపు జపాన్ శిల్పి ఉన్‌కేయ్ చెక్కినదిగా నిపుణులు భావించే, రెండు అడుగుల పైచిలుకు ఎత్తున్న దారు బుద్ధ విగ్రహం 2008 మార్చిలో న్యూయార్క్ వేలానికి వచ్చింది. దానిని మొదట 15 నుంచి 20 లక్షల డాలర్లుగా అంచనా వేశారు. షిన్యోయెన్ అనే బౌద్ధ సంస్థ తరఫున జపాన్ దుకాణాల సంస్థ మిత్సుకోషి 1.4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి పాడుకుంది. ఆ విగ్రహం జపాన్‌కు చేరింది, మరుసటి ఏడాది దానికి ప్రభుత్వ రక్షణ కూడా లభించింది. న్యాయస్థానాల చుట్టూ తిరిగి ఉంటే అది ఈపాటికి ఏ కోటీశ్వరుడి నట్టింట్లోనో ఉండేది.

శిలాలేఖ:
పాత పింగాణీ గారూ, మీరు చెప్పిన ఉదాహరణలే మీ వాదానికి అడ్డు వస్తున్నాయి. 2000లో మూడు తలలకూ కలిపి 3 కోట్ల హాంకాంగ్ డాలర్లకు కాస్త పైన అయింది. 2007లో గుర్రం తల ఒక్కదానికే 6.91 కోట్లు అయింది. సొంతదారు ఎంతైనా ఇచ్చి తీరుతాడని అమ్మేవాడికి తెలిసిపోయిన తరువాత ధర పెరగక ఏం చేస్తుంది? మీరు పని జరిగే మార్గమంటున్నది దోపిడీ సొత్తుకు విలువ పెంచే మార్గం.

పైగా ఈ దోపిడీలో వేలానికి ఉన్న పాత్రను ఎవరూ ప్రస్తావించడం లేదు. 1860లో బ్రిటిష్ సేనాపతి హోప్ గ్రాంట్ తన సైనికుల చేతికి చిక్కిన సొత్తునంతా ఒకచోటికి చేర్పించి, బీజింగ్ దగ్గర శిబిరంలోనే వేలం వేయించాడు. వచ్చిన డబ్బును హోదాల వారీగా వాటాలు వేసి పంచారు. ఆ పట్టుబట్టలు, పచ్చరాతి పాత్రలు, గడియారాలు ఆ రోజు నుంచి దోచుకున్నవి కాకుండా పోయాయి, కొన్నవి అయిపోయాయి. పారిస్‌లో సుత్తి మోగడానికి దాదాపు నూట యాభై ఏళ్ళ ముందే ఆ మార్పు జరిగింది.

చెన్నపట్నం వాసి:
1860లో చైనాపై జరిగిన ఆ యుద్ధంలో మన మద్రాసు సాపర్ల (సైనిక ఇంజనీర్ల) దళాలు కూడా ఉన్నాయి. ఇది చైనావారి గొడవ మాత్రమే అని చదివి వదిలేయవద్దు.

సరిలెక్క:
శిలాలేఖ గారు చరిత్ర చెబుతున్నారే గాని నా ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. త్సాయ్ డబ్బు కట్టాడా, లేదా? కట్టలేదు. నేను ఇంత పట్టుదలగా అడగడానికి కారణం ఉంది. మా ఊరి దేవస్థానం దుకాణాల వేలంలో మా నాన్నగారు రెండో పాటదారు. హెచ్చు పాట పాడినాయన పౌరుషానికి పోయి పాడి, తరువాత సొమ్ము కట్టలేదు. మళ్ళీ వేలం పెట్టేదాకా దుకాణానికి తాళం పడింది. మేము అద్దె కట్టి నడుపుకుంటున్న వ్యాపారం ఆ తాళంతోనే పోయింది. కట్టనివాడిని ఊళ్ళో మొనగాడన్నారు. నష్టపోయిన మా ఇంటి వైపు ఎవరూ చూడలేదు. త్సాయ్‌ని వీరుడంటున్న ప్రతివారినీ నేను అడిగేది ఒకటే. ఆ వేలంలో నిజాయితీగా పాడి, ఆయన మూలంగా వెనక్కి తగ్గినవారి మాటేమిటి?

తూర్పుగాలి:
2025లో, ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో దొరికిన బౌద్ధ రత్నాల సంగతి గుర్తుందా? హాంకాంగ్‌లో సోదబీస్ వేలానికి పెడితే మన ప్రభుత్వం నోటీసు ఇచ్చింది, వేలం వాయిదా పడింది. చివరికి గోద్రెజ్ సంస్థ కొంటేనే అవి జులైలో ఇంటికి వచ్చాయి.

శిలాలేఖ:
సరిలెక్క గారూ, మీ నాన్నగారికి జరిగినది అన్యాయమే. అయితే దేవస్థానం దుకాణం దేవస్థానానిది. దానిని వేలం వేసే హక్కు వారికి ఉంది. బెర్జే చేతిలో ఉన్న తలలపై ఆయన హక్కునే చైనావారు ప్రశ్నించారు. వేలానికి ముందే పారిస్ న్యాయస్థానంలో ఒక సంఘం పిటిషన్ వేసింది, న్యాయస్థానం కొట్టివేసింది. బెర్జే ఏమన్నాడో కూడా గుర్తు చేసుకోండి. చైనా మానవ హక్కులను గౌరవించి, టిబెట్‌కు స్వేచ్ఛనిస్తే తలలు ఇచ్చేస్తానన్నాడు. టిబెట్ ప్రజల పట్ల నాకు గౌరవమే ఉంది, కాని ఒకరి ఇంటి సొత్తును తిరిగి ఇవ్వడానికి షరతులు పెట్టే అధికారం ఆయనకు ఎక్కడిది?

చివరికి ఏమైంది? 2013లో క్రిస్టీస్ యజమాని పినో కుటుంబం ఆ రెండు తలలనూ సంపాదించి చైనాకు కానుకగా ఇచ్చింది. చైనా ప్రధాన భూభాగంలో సొంతంగా వేలాలు జరుపుకోవడానికి క్రిస్టీస్‌కు అనుమతి వచ్చిందని ప్రకటించినదీ, ఈ కానుక గురించి ప్రకటించినదీ ఒకే ఏప్రిల్ నెలలో. హక్కుగా రావలసినది వ్యాపార మర్యాదగా వచ్చింది. సేకర్తలకు ఈ తేడా పట్టదు, ఎందుకంటే వారి అల్మరాలు నిండేది ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే.

పాత పింగాణీ:
ఆ చివరి వాక్యం నన్ను ఉద్దేశించినదని నాకు అర్థమైంది, కనుక నేనూ సూటిగానే చెబుతాను.

మా ఇంట్లో జపాన్‌లోని సత్సుమా ప్రాంతపు జాడీలు రెండున్నాయి. మీగడరంగు మెరుపు మీద వెంట్రుకల వంటి సన్నని పగుళ్ళు, వాటిపై బంగారు పూలు, అడుగున వలయంలో శిలువ ఆకారపు షిమాజు వంశ ముద్ర. మా తాతగారు హైదరాబాదులో ఒక పాత దేవిడీ సామాను అమ్మినప్పుడు కొన్నారు. ఆ రోజుల్లో రసీదు ఎవరిచ్చారు, ఎవరు దాచారు? ఒక విలువ కట్టే నిపుణుడు బంధువులందరి ముందు కాగితాలు అడిగి, లేవనగానే వాటిని పక్కకు జరిపాడు. ఆనాటి నుంచి మా పెదనాన్నగారి కొడుకులు ఆ జాడీలను మా తాతగారు ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చారన్నట్టే మాట్లాడుతున్నారు. చనిపోయిన మనిషి వచ్చి జవాబు చెప్పలేడు కదా.

చైనా నుంచి బయటికి పోయినదంతా దోపిడీ కాదు. 1912లో రాజరికం కూలినాక గోంగ్ రాకుమారుడి వంశంవారు తమ సంపదను జపాన్ కళావస్తువుల వర్తక సంస్థ యమనాకా కంపెనీకి తామే అమ్ముకున్నారు. అలా జపాన్ చేరిన వస్తువులున్న ఒసాకాలోని ఫుజితా మ్యూజియం 2017లో న్యూయార్క్‌లో అమ్మిన 31 వస్తువులకు 26 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి, వాటిలో ఛెన్ రోంగ్ గీసిన ఆరు డ్రాగన్ల చిత్రం ఒక్కటే దాదాపు 4.9 కోట్లు పలికింది. దానిని ఎవరైనా దొంగసొత్తు అనగలరా? ఆ కంచు తలలే 1860లో ఉద్యానం దాటాయా, ఆ తరువాతి దశాబ్దాల్లో ఇతరుల చేతుల మీదుగా పోయాయా అన్న విషయంలో చరిత్రకారులకే ఏకాభిప్రాయం లేదు. మీరు 1860 గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తున్నారు గాని, నిజానికి ప్రతి పాత వస్తువునూ దొంగిలించినదేనని ముందే తీర్పు చెప్పి, కాదని నిరూపించుకోమంటున్నారు. అయితే సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా, జపాన్ గదులను కూడా ఖాళీ చేయిస్తారా?

కృష్ణాతీరం:
దయచేసి ఇద్దరూ కుటుంబాల ప్రస్తావన లేకుండా మాట్లాడండి.

శిలాలేఖ:
కుటుంబాల మాట నేను తీసుకురాలేదు. అయితే పాత పింగాణీ గారు అసలు విషయానికి వచ్చారు కనుక దాచకుండా చెబుతాను. అవును, నేను అడుగుతున్నది అదే. వస్తువు ఎలా బయటికి వచ్చిందో చూపవలసిన బాధ్యత పోగొట్టుకున్నవాడిది కాదు, అమ్మజూపేవాడిది. ఊరు తగలబడినవాడిని నీ ఇంటి సామాను జాబితా తీసుకురమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇంట్లో ఉంచుకున్నంతకాలం మీ జాడీల జోలికి నేను రాను. సాలార్‌జంగ్ మ్యూజియం ఆ వస్తువులను ప్రజల ముందు ఉంచింది, సంతలో పెట్టలేదు. నేను మాట్లాడేది వేలం వేదిక గురించి మాత్రమే. 2022లో ఫ్రాన్సులోని ఫొంతెన్‌బ్లోలో డ్రాగన్లు, మేఘాలు చిత్రించిన నీలి తెలుపు చైనా జాడీ ఒకటి 2,000 యూరోల అంచనాతో వేలానికి వచ్చి, రుసుములు కాక 77 లక్షల యూరోలు పలికింది. అమ్మినవారికి అది నాయనమ్మ ఇంటి నుంచి వచ్చింది. అంతకు ముందు? కోట్లు మారే చోట ఆ ప్రశ్న వేయడం అవమానం ఎలా అవుతుంది?

సరిలెక్క:
ఆ ప్రశ్న పాట మొదలు కాకముందే వేయాలన్నది నేనూ ఒప్పుకుంటాను. పాట ముగిశాక వేయడం కుదరదు.

పాత పింగాణీ:
మీ నియమం అమలైతే ఏమవుతుందో చెబుతాను. మా తాతగారిలా నిజాయితీగా కొని, కాగితం దాచని మనుషుల పిల్లలు కష్టకాలంలో కూడా అమ్ముకోలేరు. దొంగ కాగితం పుట్టించగల వర్తకుడు మాత్రం నిక్షేపంగా అమ్ముకుంటాడు. దీనికి సమాధానం ఉంటే చెప్పండి.

శిలాలేఖ:
ఉంది. న్యూయార్క్ పురావస్తు వర్తకుడు సుభాష్ కపూర్ నుంచి ఆస్ట్రేలియా మ్యూజియం కొన్న, తమిళనాడులోని వృద్ధాచలం గుడికి చెందిన అర్ధనారీశ్వర విగ్రహానికీ కాగితాలున్నాయి. అవి 1970 నాటివని చెప్పారు. పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థవారు 1974లో గుడిలోనే తీసిన ఫోటోలో ఆ విగ్రహం కనిపించింది. 2014లో అది ఇండియాకు తిరిగి వచ్చింది. ఆ కాగితాన్ని అందరూ చూసే చోట పెట్టారు కనుకనే, అది అబద్ధమని ఫోటోతో పోల్చి తేల్చగలిగారు. చైనా జాడీకైనా, జపాన్ బుద్ధుడికైనా నేను అడుగుతున్నది ఇంతే. కాగితం ఉంటే కేటలాగులో అచ్చు వేయండి, లేకపోతే లేదని అచ్చు వేయండి. మీ సత్సుమా జాడీలకూ అలాగే రాసి పెట్టండి, కొనేవాడు చదివి నిర్ణయించుకుంటాడు.

పాత పింగాణీ:
లేదని అచ్చు వేసిన మరుక్షణం ఆ వస్తువు ధర నేలకు దిగుతుంది. ఆ నష్టం మా పిల్లలు ఎందుకు భరించాలో మీరు ఇప్పటికీ చెప్పలేదు.