సమాన అవకాశాల సెల్ బాధ్యత ఇచ్చారు, సెమినార్ కాకుండా పిల్లలకు పనికొచ్చేది ఏం చేయొచ్చు?

ప్రశ్న: తెలుగు లెక్చరర్, కావలి

అందరికీ నమస్కారం. కావలిలో ఒక పీజీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఈ ఏడాది సమాన అవకాశాల సెల్ కన్వీనర్‌గా నా పేరు వేశారు. ఒకరోజు సెమినార్ పెట్టి, ఫొటోలు తీసి ఫైల్లో పెట్టమన్నారు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు చూపించాలట. సెమినార్ పెట్టడం పెద్ద కష్టం కాదు. దానివల్ల నా క్లాసులో పిల్లలకు ఏం ఒరుగుతుందన్నదే నా బాధ.

ఎం.ఏ. మొదటి సంవత్సరంలో పూర్తిగా చూపు లేని అబ్బాయి ఉన్నాడు. మేమిచ్చే నోట్స్ పీడీఎఫ్‌లను అతని ఫోన్ చదవడం లేదు. అల్లూరు వైపు నుంచి యానాది తెగ అమ్మాయిలు ఇద్దరు వస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో డిగ్రీ దాటింది వీళ్ళే. పేరు పెట్టి అడిగితే తప్ప నోరు విప్పరు. దోర్నాల దగ్గర గూడెం నుంచి వచ్చిన చెంచు అబ్బాయి హాస్టల్లో ఉంటున్నాడు. ఇంకొకటి, మా దగ్గర చదివి ఇప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయి యానాదుల చేపల వేట మీద పరిశోధన చేస్తానంటున్నాడు. అది పద్ధతిగా జరగాలంటే ఏం చెప్పాలి? చేతిలో డబ్బు పెద్దగా లేదు.

జవాబు: రిటైర్డ్ లైబ్రేరియన్, నెల్లూరు

అమ్మా, ముందు ఆ పీడీఎఫ్‌ల సంగతి చూడండి. రేపే మొదలుపెట్టగలిగిన పని అది. ఆ నోట్స్ అను ఫాంట్లలో కొట్టినవై ఉంటాయి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి నడిచినవి అవే. కంటికి తెలుగే కనబడుతుంది గానీ ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములు, ఫోన్లో టాక్‌బ్యాక్ అయినా, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అయినా వాటినే చదువుతాయి, వినేవాళ్ళకు ఏమీ అర్థం కాదు.

పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే అను అనుకోవచ్చు. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగానే గుర్తించే పద్ధతిలో, కొట్టిన తెలుగు కూడా పీడీఎఫ్ చేసేసరికి ఒత్తులు చెదిరిపోతుంటాయి. అందుకని పిల్లవాడికి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలే ఇవ్వండి.

అనులో కొట్టిన అసలు ఫైలు డీటీపీ వాళ్ళ దగ్గర దొరికితే, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. స్కాన్ అయితే గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలను గుర్తుపడుతుంది. ఒత్తుల దగ్గర, పాత పుస్తకాల్లో అరసున్నల దగ్గర తప్పులు పడతాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాల్సిందే. ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. రోడ్లు ఊడ్చిన ఫొటోల కంటే ఇది మంచి సేవ అని నా నమ్మకం.

పాఠ్యపుస్తకాల కాపీరైట్ గురించి భయపడకండి. వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వడానికి 2012 సవరణతో కాపీరైట్ చట్టమే వీలు కల్పించింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా అతని పేరు నమోదు చేయించండి.

జవాబు: హైస్కూల్ టీచర్, ఒంగోలు

సార్ చెప్పినదంతా అవసరమే. నాకూ చూపు లేదు కాబట్టి ఒకటి కలుపుతాను. ఏం కావాలో ముందు ఆ అబ్బాయినే అడగండి మేడం. కొందరు బ్రెయిలీ కావాలంటారు, కొందరికి ఆడియో చాలు, కొందరు ఫోన్‌తో అన్నీ నడుపుకుంటారు. మనమే ఊహించుకుని చేస్తే సగం శ్రమ వృథా.

ఎం.ఏ. తెలుగు అంటున్నారు కాబట్టి ఛందస్సు సంగతి చెప్పాలి. బోర్డు మీద గణ విభజన చేస్తూ "ఇది ఇలా, అది అలా" అంటే మాకేమీ తెలియదు. ప్రతి అక్షరానికీ గురువు, లఘువు అని నోటితో చెప్పండి. పద్యం ఎక్కడ విరుగుతుందో ఆగి చదవండి. చూపున్న పిల్లలకు కూడా అలా చెబితేనే పద్యం నోటికి వస్తుంది.

పరీక్షల మాట. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట అన్నమాట. స్క్రైబ్‌ను, అంటే తను చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, తనే తెచ్చుకోవచ్చని, పరీక్ష పెట్టేవాళ్ళను ఇమ్మని అడగనూ వచ్చని వాటిలో ఉండేది. తను తెచ్చుకుంటే స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలనేవాళ్ళు. 2025లో ఈ మార్గదర్శకాలను మార్చారు కాబట్టి స్క్రైబ్ గురించి ఇప్పుడేముందో పరీక్షల విభాగంలో కనుక్కోండి. వాళ్ళు ఇచ్చిన స్క్రైబ్‌ను రెండు రోజుల ముందే కలిసి చూసుకునే వీలు 2018 వాటిలో ఉంది. ఇప్పుడూ ఉంటే తప్పకుండా వాడుకోండి. పద్యం చెబుతుంటే తప్పుల్లేకుండా రాయగలిగే మనిషి దొరకడం అంత తేలిక కాదు. పరీక్ష ముందురోజు వెతకడం మొదలుపెడితే ఆ టెన్షన్ అంతా పిల్లవాడి మీద పడుతుంది.

ఇవన్నీ దయతో ఇచ్చేవి కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అతని హక్కులు. ఆఫీసులో ఎవరైనా విసుక్కుంటే ఆ చట్టం పేరే చెప్పండి.

జవాబు: రీసెర్చ్ స్కాలర్, నెల్లూరు

అక్కా, నేను యానాదిని. మా కాలనీలో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషిని. ఆ అమ్మాయిలు మాట్లాడకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాకపోవచ్చు. "ఎస్సీ ఎస్టీ వాళ్ళు లేవండి, స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకోండి" అని క్లాసులో అంటారు కదా, ఆ రోజు నుంచి పక్కవాళ్ళు చూసే చూపు మారిపోతుంది. క్లాసులో పిల్లల కులం, తెగ బయటపెట్టడాన్ని 2012 యూజీసీ నిబంధనలు వివక్ష కింద లెక్కగట్టాయి. వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని కూడా అందులోనే ఉంది. మీ కాలేజీలో అది ఎవరో, ఎక్కడ కలవాలో పిల్లలకు తెలిసేలా రాసి పెట్టండి. నోటీస్ బోర్డులో పేరు పక్కన కేటగిరీ గడి తీసేయించండి. హాల్ టికెట్ నంబర్ వేస్తే చాలు. వీటికి పైసా ఖర్చు లేదు.

స్కాలర్‌షిప్ రాకపోతే చాలాసార్లు కారణం కాగితాల్లోనే ఉంటుంది. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోయి ఉంటుంది. అడ్మిషన్ల నెలలోనే ఒకసారి కూర్చుని సరిచూడండి, ఏడాది చివర్లో చూస్తే లాభం లేదు. నెల్లూరులో యానాదుల ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, ఉంది, అవసరమైతే మీరే వెంట వెళ్ళండి. లెక్చరర్ వస్తే మాట వింటారు.

ఇక పరిశోధన. మా మీద రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు, రాసింది మాకు తిరిగి చూపించినవాళ్ళు తక్కువ. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేస్తూ తెల్లవాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం తర్వాత మా వాళ్ళకూ తగిలింది. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంట్ పెట్టి కాపలా ఉంచారు. మా యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారిలాంటి వాళ్ళు పోరాడాక, చివరికి 1952లో దేశమంతటా ఆ ముద్ర తీసేశారు. ఊరికొచ్చి పేర్లు, వేలిముద్రలు రాసుకునేవాళ్ళంటే మా పెద్దోళ్ళకు ఇప్పటికీ గుబులే. అందుకని ఆ తమ్ముడికి చెప్పండి, మొదటి రోజే నోట్‌బుక్ తీయొద్దని.

అనుమతి తెలుగులో, నోటితో అడగాలి. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది అనుమతి కాదు. వద్దన్నవాళ్ళను మళ్ళీ అడగకూడదు. వేటకు పోయే పూట ఆపి కూర్చోబెడితే ఆ పూట కూలి ఇవ్వాలి. చేపలు, పీతలు ఎక్కడ దొరుకుతాయో చెప్పిన చోట్లను మ్యాపులో అచ్చు వేయొద్దు. బయటివాళ్ళు వలలతో దిగితే పోయేది మా తిండి. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే థీసిస్‌లో వాళ్ళ పేర్లు రాయాలి, "ఒక వృద్ధ యానాది" అని కాదు. పూర్తయ్యాక తెలుగులో రాసి కాలనీలో చదివి వినిపించాలి, తప్పుంటే అక్కడే చెబుతారు. మీ క్లాసు అమ్మాయిలను మాత్రం "మీ ఆచారాలు చెప్పండి" అని ముందుకు లాగొద్దక్కా. వాళ్ళకు ఇష్టమై పనిలో చేరితే జీతం ఇచ్చి, వ్యాసం మీద పేరు వేయాలి.

జవాబు: సోషల్ టీచర్, కలిగిరి

సెమినార్ తప్పదంటే మా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం మీద పెట్టండి మేడం. 1992లో అక్షరాస్యత తరగతుల్లో పాఠం చదువుకున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో పత్రాలు వచ్చాయి. పత్ర సమర్పణలు తగ్గించి, ఆ ఉద్యమంలో ఉన్నవాళ్ళను వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడించండి. సెమినార్ డబ్బు వాళ్ళ రానుపోను ఖర్చులకు, కూలికి పోనివ్వండి.

జవాబు: లెక్చరర్, మార్కాపురం

చెంచు అబ్బాయి గురించి రెండే మాటలు. ఊరికి వెళ్ళి ఆలస్యంగా వస్తే హాజరు కోయకముందు కారణం అడగండి. హాస్టల్లో ఏమని పిలుస్తున్నారో కూడా కనుక్కోండి. చెంచుల పనులు శ్రీశైలం ఐటీడీఏ చూస్తుంది, నెల్లూరులో తిరిగి లాభం లేదు. ఆ యానాది అమ్మాయిలకు ఇంకోటి చెప్పండి. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఆడపిల్లలకు రెండేళ్ళు అదనపు గడువు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. పెళ్ళయితే చదువు ఆగిపోతుందని ఇంట్లో అన్నప్పుడు ఈ మాట పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. కేటగిరీ గడి తీసేయడానికి ప్రిన్సిపాల్ గారు ఈ రోజే ఒప్పుకున్నారు. ఆ అబ్బాయిని అడిగాను, ప్రబంధాల పాఠ్యభాగాలు ముందు కావాలన్నాడు, వర్డ్‌లోనే. తమ్ముడూ, నువ్వు రాసింది మా పీహెచ్‌డీ అబ్బాయికి పంపాను, నీతో మాట్లాడాలంటున్నాడు. వీలుంటుందా? లైబ్రేరియన్ గారూ, డీటీపీ ఆయన దగ్గర పాత అను ఫైళ్ళు దొరికాయి. మార్చాక "క్ష", "జ్ఞ" దగ్గర చెదురుతున్నాయి. ఇది ఫాంటు వెర్షన్ తేడానా, ఇంకేమైనానా?