విద్యుదయస్కాంతంలో ‘ద’ ఎక్కడిది? ‘కాంత’ ఏమిటి?

ప్రశ్న: పదో తరగతి పాపకు ఫిజిక్స్ చెబుతూ ‘విద్యుదయస్కాంత వికిరణం’ దగ్గర ఆగిపోయాను. విద్యుత్తులో లేని ‘ద’ ఇక్కడికి ఎలా వచ్చింది? అయస్కాంతమా, అయిస్కాంతమా? అందులో ‘కాంత’ అంటే వెలుగేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ముందు ‘ద’ సంగతి. మూలపదం విద్యుత్. పదం చివరి త్ పక్కన అచ్చు వస్తే అది ద్ అవుతుంది. జగత్, ఈశ కలిసి జగదీశ అయినట్టే ఇదీ. జశ్త్వ సంధి అంటారు. నిజానికి ఈ త్ చాలాచోట్ల కుదురుగా ఉండదండీ. విద్యుద్దీపం, విద్యుచ్ఛక్తి, విద్యున్మాల, విద్యుల్లత, ఇలా పక్కన ఏ అక్షరం ఉంటే దానికి తగ్గట్టు మారిపోతుంది.

విద్యుల్లత అంటే కరెంటు తీగ కాదు, మెరుపుతీగ. విద్యుత్ అసలు అర్థం మెరుపే. ఇంగ్లీషు ఎలక్ట్రిసిటీకి మూలం గ్రీకు ఎలెక్ట్రాన్. ఆ భాషలో ఆ మాటకు అంబర్ అని అర్థం, అంటే ఎన్నో యుగాల కింద గట్టిపడిన చెట్టు బంక. దాన్ని రుద్దితే తేలికైన తునకలను లాక్కుంటుంది కాబట్టి ఆ పేరు. మనం ఆకాశంలోని మెరుపు పేరు పెట్టుకున్నాం. మెరుపులో ఉన్నదీ, రాపిడితో పుట్టేదీ ఒకటేనని 1752లో ప్రయోగాలు తేల్చాయి. అందుకే ఈ పేరంటే నాకు చాలా ఇష్టం.

ఇక అయస్కాంతం. అయస్ అంటే ఇనుము, కాంత అంటే ప్రియమైనది. ఇనుముకు ప్రియమైనది అన్నమాట. నమస్కారంలోలాగే ఇక్కడా స్ నిలిచింది. పలకడంలో ఇకారం చేరి అయిస్కాంతం అయింది గానీ రాసేటప్పుడు అయస్కాంతమే సరి. అచ్చ తెలుగులో సూదంటురాయి, సూది అంటుకునే రాయి. పాపకు ముందు ఈ మాట చెప్పండి, అర్థం దానంతట అదే తెలుస్తుంది.

ఇంకొకరు: అయితే ఆ కాంతకూ కాంతికీ సంబంధం లేదా?

జవాబు: పుట్టుకలో ఉంది. రెండూ ‘కమ్’ ధాతువు నుంచి వచ్చాయి, కోరుకోవడం అని దాని అర్థం. అందరూ కోరుకునే అందం, దాని మెరుపు, తర్వాత వెలుగు, ఇలా కాంతికి అర్థం మారుతూ వచ్చింది.

ఫిజిక్స్ కథ వేరు. తీగలో కరెంటు పారుతుంటే పక్కన ఉన్న దిక్సూచి ముల్లు కదలడం 1820లో ఓర్‌స్టెడ్ చూశాడు. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. అంతవరకు విడివిడిగా ఉన్న మెరుపూ సూదంటురాయీ అలా ఒక సమాసంలోకి వచ్చాయి. 1860లలో మాక్స్‌వెల్ ఈ రెండింటి తరంగం ఎంత వేగంతో పోతుందో లెక్కవేస్తే, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వచ్చింది. అది కాంతి వేగం! అంటే కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమే. కాంత, కాంతి ఒకే ధాతువు కావడం మాత్రం యాదృచ్ఛికం. పేరు పెట్టినవాళ్లకు ముందే తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా బాగుంది. వికిరణం అనగానే పాప భయపడుతోంది, రేడియేషన్ అంటే జబ్బులొస్తాయి కదా అంటోంది.

జవాబు: ‘కౄ’ అంటే వెదజల్లడం. కిరణం, వికీర్ణం, వికిరణం అన్నీ దాని నుంచే. మాటలో అపాయం ఏమీ లేదు. దీపం వెలుగు, నిప్పు సెగ, రేడియో తరంగాలు కూడా వికిరణమే. ఎక్స్ కిరణాలకు, గామా కిరణాలకు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి ఉంటుంది, ఆ భయం వాటి వల్ల వచ్చింది. రేడియో తరంగాలకు అంత శక్తి లేదు.

మొదట్లో ‘విద్యుత్-అయస్కాంత’ అని గీత పెట్టి రాయించండి, తప్పేం లేదు. నాలుగు రోజులయ్యాక గీత తీసేసి కలిపి రాయమనండి. ‘ద’ ఎందుకొచ్చిందో అప్పుడు తనే చెబుతుంది.