మితోమా, కుబో, ఎండో: ఎవరికి క్రేజ్ ఎక్కువో తేల్చేదెలా?

మడివాళ_మిడ్‌ఫీల్డ్:
శనివారం కోరమంగళలో మ్యాచ్ స్క్రీనింగ్‌కి ముందు మన తెలుగు బ్యాచ్‌కి క్విజ్ ఉంది. జపాన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు మితోమా, కుబో, ఎండోల్లో మితోమా ఎంత పాపులరో ఒక రౌండ్. జనం గూగుల్‌లో ఏది ఎంత వెతుకుతున్నారో గీతలుగా చూపే గూగుల్ ట్రెండ్స్‌లో మూడు ఇంటిపేర్లూ ఇంగ్లిష్‌లో కొట్టి కర్ణాటక పెట్టా. ఎండో గీత ఎక్కడో పైన ఉంది, మితోమాది నేల మీద. నమ్మొచ్చా?

డేటా_దొర:
నమ్మకండి. ఆ గీతలో పళ్ల డాక్టర్ల వాటా కూడా ఉంది! ఎండోస్కోపీనీ, ఎండోడాంటిక్స్‌నీ (పళ్ల రూట్ కెనాల్ వైద్యం) పొట్టిగా 'ఎండో' అని కొట్టేవాళ్లూ అందులోకే వస్తారు. పైగా జపాన్‌కి 152 మ్యాచ్‌లాడిన యసుహితో ఎండో వేరే మనిషి, మీక్కావాల్సింది వతారు ఎండో.

పూర్తి పేరు టైప్ చేసి వెంటనే ఎంటర్ కొట్టొద్దు. కింద వచ్చే సూచనల్లో ఫుట్‌బాల్ ఆటగాడు అని ఉన్నదాన్ని నొక్కండి. అప్పుడు లెక్క టాపిక్‌ది, అంటే ఉత్తి మాటది కాక ఆ మనిషిది అవుతుంది, జపాన్ లిపిలో వెతికినవీ కలుస్తాయి. కర్ణాటక తీసేసి ఇండియా పెట్టండి. ఒక్క రాష్ట్రమైతే వెతికేవాళ్లు పలచనై చాలా వారాలు సున్నాలే వస్తాయి. ఐదు పేర్ల దాకా పడతాయి కదా అని రొనాల్డోని మాత్రం చేర్చకండి. అన్నిటికన్నా పై శిఖరాన్ని 100 చేసి మిగతావి దాంతో కొలుస్తుంది, మన ముగ్గురూ నేలకి అతుక్కుపోతారు.

కంఠీరవ_గ్యాలరీ:
ట్రెండ్స్‌లో అసలు సంఖ్యలుండవు అన్నా. ఒక పేజీని ఎన్నిసార్లు చూశారో చెప్పే వికీపీడియా పేజ్‌వ్యూస్ టూల్ చూడండి, 2015 జులై నుంచి రోజువారీ లెక్క ఉంది. అందులో 'ఏజెంట్' అనే ఆప్షన్ దగ్గర 'యూజర్' ఉంచండి, లేకపోతే బాట్లూ (మనుషులు కాని ప్రోగ్రామ్‌లు) లెక్కకొస్తాయి. ఇంగ్లిష్, జపనీస్, స్పానిష్ వికీపీడియాలు విడివిడిగా తీయాలి. కుబో స్పెయిన్ క్లబ్ రియల్ సోసియెడాడ్‌లో ఆడాడు, స్పానిష్ వదిలేస్తే అతనికి అన్యాయం.

ఇంకో తిరకాసు: అక్కడ రోజు మారేది యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం. 2022 ప్రపంచకప్‌లో స్పెయిన్ మీద మితోమా గోల్‌లైన్ మీంచి బంతి వెనక్కి లాగాడే, తనాకా గోల్ కొట్టాడే, ఆ మ్యాచ్ మనకి డిసెంబర్ 2 అర్ధరాత్రి 12:30కి మొదలైంది. యూటీసీలో అది డిసెంబర్ 1 రాత్రి 7. ఆట రాత్రి చూసినవాళ్లు ఒక తేదీలో, పొద్దున్న వార్త చదివినవాళ్లు ఇంకో తేదీలో పడతారు. రెండు రోజులూ కలపండి.

మడివాళ_మిడ్‌ఫీల్డ్:
టాపిక్‌గా మార్చా, బొమ్మే మారిపోయింది. ఎన్నాళ్ల లెక్క తీసుకోవాలి?

డేటా_దొర:
12 నెలలు. ఒక్క నెలే అయితే ఒక గోలో, ఒక గాయమో మొత్తం తిప్పేస్తుంది. ఎండో 2023 ఆగస్టులో స్టట్‌గార్ట్ నుంచి లివర్‌పూల్‌కి వచ్చాడు, కాబట్టి అతని అంకెలో లివర్‌పూల్ జెర్సీ పాలెంతో చెప్పడం కష్టం. ఇంకో జపాన్ ఆటగాడు మినమినో లివర్‌పూల్ వదిలి 2022లో మొనాకోకి వెళ్లాడు, ముందూ వెనకా అతని గీత పక్కన పెట్టి చూస్తే కొంత అంచనా దొరుకుతుంది.

ప్రశ్న మాత్రం 'ఎవరు పాపులర్' అని వేయకండి. 'గత 12 నెలల్లో ఇండియాలో గూగుల్‌లో ఎవర్ని ఎక్కువ వెతికారు' అని, చూసిన తేదీతో సహా రాయండి. లేకపోతే లివర్‌పూల్ బ్యాచ్ మైక్ లాక్కుంటుంది.