రేణిగుంట పార్కింగ్‌లో కోల్డ్ అండ్ డార్క్: సెస్నా తిరుగుతుంది కానీ అంటుకోదు, ఏ320లో ఎన్2 కదలదు

చంద్రగిరి172:
అందరికీ నమస్కారం. ఎంఎస్ఎఫ్ఎస్ 2020 (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్)లో మన రేణిగుంట విమానాశ్రయం (కోడ్ వీఓటీపీ) పార్కింగ్‌లో, అన్ని స్విచ్‌లూ ఆపేసి ఉన్న (కోల్డ్ అండ్ డార్క్) విమానాన్ని ఆటో స్టార్ట్ వాడకుండా స్టార్ట్ చేయాలి. రెండింట్లోనూ ఆగిపోతున్నాను.

సెస్నా 172, జీ1000 (తెరల ప్యానెల్ ఉన్నది): మాస్టర్ స్విచ్ రెండు సగాలూ (బ్యాటరీ, ఆల్టర్నేటర్) ఆన్, ఏవియానిక్స్ (రేడియోలు, తెరలు) ఆన్, ఫ్యూయల్ పంప్ ఆన్, మిక్చర్ లివర్ (గాలిలో కలిసే ఇంధనం పాళ్లు మార్చేది, వెనక్కి లాగితే ఇంధనం బంద్) పూర్తిగా ముందుకు, తాళం స్టార్ట్‌కి. ప్రొపెల్లర్ తిరుగుతుంది, ఇంజన్ అంటుకోదు. ఒక్కోసారి రెండు సెకన్లు అంటుకొని ఆరిపోతుంది. లైవ్ వెదర్‌లో 39 డిగ్రీలు.

ఏ320 నియో, ఫ్లైబైవైర్ బృందం చేసిన యాడ్-ఆన్: బ్యాటరీలు రెండూ ఆన్ చేసినా తెరలు రావు. ఏపీయూ (తోకలో ఉండే చిన్న ఇంజన్, కరెంటు, గాలి ఇస్తుంది) వేశాక వస్తాయి. తర్వాత ఇంజన్ 2 మాస్టర్ ఆన్ చేస్తే ఎన్2 (ఇంజన్ లోపలి భాగం తిరిగే వేగం) సున్నా దగ్గరే ఉండిపోతుంది.

నా దగ్గర ఉండేది మూడు లివర్ల థ్రాటిల్ సెట్, దాని కింద టాగుల్ స్విచ్‌లు. వీడియోలో చూపించిన వరసే పాటిస్తున్నా. ఎక్కడ తప్పుతోంది?

రేణిగుంట26:
తమ్ముడూ, వరస బట్టీ పెట్టడంతోనే చిక్కు. ఒక్క మెట్టు తప్పినా ఏది తప్పిందో తెలీదు. ఇంజన్‌కు కావాల్సినవి నాలుగు: తిప్పే బలం, గాలి, ఇంధనం, నిప్పురవ్వ. నీ సెస్నా తిరుగుతోంది, అంటే బ్యాటరీ, స్టార్టర్ బాగున్నాయి. తాళం స్టార్ట్‌లో ఉంటే రవ్వకూ లోటు లేదు. ఇక మిగిలింది ఇంధనమే. అది తక్కువైనా అంటుకోదు, ఎక్కువైనా అంటుకోదు.

172ఎస్‌లో ఉండేది లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ. కార్బురేటర్ లేదు, ఇంజెక్షన్. పంప్ ఆన్‌లో ఉండి మిక్చర్ ముందుకు ఉంటే, ఇంజన్ తిరగకపోయినా పెట్రోలు ఇన్‌టేక్ పోర్టుల్లోకి పోతానే ఉంటుంది. అందుకే చల్లటి ఇంజన్‌కు విమానం హ్యాండ్‌బుక్‌లోని వరస వేరేగా ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ వేయి, ఫ్యూయల్ సెలెక్టర్ బోత్‌లో (రెండు ట్యాంకులూ) పెట్టు, ఇంధనం ఆపే షటాఫ్ నాబ్ లోపలికి నొక్కి ఉందా చూడు. స్టాండ్‌బై బ్యాటరీని టెస్ట్‌లో 10 సెకన్లు పట్టుకుంటే పచ్చ దీపం ఆరకుండా వెలగాలి, తర్వాత ఆర్మ్. థ్రాటిల్ పావు అంగుళం ముందుకు, మిక్చర్ పూర్తిగా వెనక్కి. మాస్టర్ రెండు సగాలూ ఆన్, బీకన్ (ఎర్ర హెచ్చరిక దీపం) ఆన్. ఇప్పుడు పంప్ ఆన్ చేసి, మిక్చర్ ముందుకు తోసి ఫ్యూయల్ ఫ్లో ముల్లు లేచాక 3 నుంచి 5 సెకన్లు ఉంచి మళ్లీ వెనక్కి లాగు. పంప్ ఆపు. తాళం స్టార్ట్‌కి తిప్పి పట్టుకో. అంటుకున్న క్షణంలో తాళం వదిలి, మిక్చర్‌ను ఆగకుండా మెత్తగా ముందుకు తీసుకుపో.

అంటుకొని ఆరిపోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ముందు పోసిన పెట్రోలు రెండు సెకన్లలో కాలిపోతుంది. ఆలోపు మిక్చర్ రాకపోతే అంతే.

పెట్రోలు ఎక్కువైందని అనుమానముంటే పంప్ ఆపి, మిక్చర్ వెనక్కి, థ్రాటిల్ సగం నుంచి పూర్తి దాకా తెరిచి తిప్పు. అంటుకోగానే మిక్చర్ ముందుకు, థ్రాటిల్ వెంటనే వెనక్కి. స్టార్టర్‌ను ఒకసారికి 10 సెకన్లు మించి తిప్పొద్దు, 20 సెకన్లు ఆగు. మూడుసార్లకూ కాకపోతే 10 నిమిషాలు వదిలేయ్. సిమ్‌లో కాలిపోదులే అని తిప్పుతూ పోతే అదే అలవాటైపోతుంది.

ఏవియానిక్స్ మాత్రం ఇంజన్ వేశాకే. స్టార్టర్ లాగేటప్పుడు ఓల్టేజ్ ఒక్కసారిగా పడుతుంది. ఇంజన్ అంటుకున్న 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ లేవాలి, లేవకపోతే ఆపేయాలి. బస్ ఓల్ట్స్ (విమానం కరెంటు లైను ఓల్టేజ్) 24 చుట్టూ ఉండిపోతే ఆల్టర్నేటర్ సగం ఆన్ కాలేదు. అది పనిచేస్తుంటే 28 చుట్టూ చూపిస్తుంది.

లివర్లలెక్క:
పైన చెప్పింది సరే, కానీ ముందు ఇది చూడండి. చేతిలో లివర్ ముందుకు ఉందంటున్నారు. కాక్‌పిట్ తెర మీద మిక్చర్ ఎర్ర నాబ్ ఎక్కడుంది? చాలా సెట్లలో మిక్చర్ యాక్సిస్ తలకిందులుగా వస్తుంది. కంట్రోల్స్ పేజీలో ఆ యాక్సిస్‌కు రివర్స్ టిక్ పెడితే సరిపోతుంది.

ఇంకొకటి. ఫ్లైట్ లోడ్ అయ్యేటప్పుడు లివర్ ఎక్కడున్నా సిమ్ దాన్ని చదవదు, కదిపాకే చదువుతుంది. లోడ్ అయిన వెంటనే ప్రతి లివర్‌నూ ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తోయండి. టాగుల్ స్విచ్‌లకు ‘టాగుల్’ అన్న ఆదేశం కట్టొద్దు. చేతిలో స్విచ్ కింద ఉండి విమానంలో పైన ఉంటే, అక్కడి నుంచి అన్నీ ఉల్టా అవుతాయి. ‘ఆన్’కు ఒకటి, ‘ఆఫ్’కు ఒకటి విడిగా కట్టండి.

ఫ్లైట్‌ను రన్‌వే మీద మొదలుపెడితే ఇంజన్ నడుస్తూనే వస్తుంది, కోల్డ్ అండ్ డార్క్ కావాలంటే మ్యాప్‌లో పార్కింగ్ స్పాట్‌నే ఎంచుకోవాలి. ఎక్స్-ప్లేన్ 12 వాళ్లు విమానం ఎంచుకునే చోట ‘ఇంజన్లు నడుస్తూ మొదలు’ టిక్ తీసేయాలి. ఎంఎస్ఎఫ్ఎస్ 2024 వాళ్లు ముందు కిందికి దిగి చుట్టూ తిరిగి కవర్లు, చక్రాల చాక్‌లు తీయాలి.

చంద్రగిరి172:
లివర్లలెక్క గారూ, అదే! లివర్ ముందుకు తోస్తే ఎర్ర నాబ్ వెనక్కి పోతోంది. పంప్ ఆన్‌లో ఉండగా లివర్ వెనక్కి లాగినప్పుడల్లా తెలీకుండానే ప్రైమ్ చేసినట్టుంది (ముందుగా పెట్రోలు పోసినట్టు), అందుకే ఆ రెండు సెకన్లు. రివర్స్ పెట్టి, రేణిగుంట26 అన్న చెప్పినట్టు చేస్తే మొదటిసారే అంటుకుంది. ఇక ఏ320.

కపిలతీర్థం320:
మీరు చెప్పిన రెండింటిలో మొదటిది లోపమే కాదు. నేల మీద ఏ320 బ్యాటరీలతో మాత్రమే ఉన్నప్పుడు తెరలకు కరెంటు పోదు. అవి రావాలంటే ఎక్స్‌టర్నల్ పవర్ గానీ ఏపీయూ జనరేటర్ గానీ ఉండాలి. ఓవర్‌హెడ్‌లో ఎక్స్‌టర్నల్ పవర్ బటన్ మీద ‘అవైల్’ పచ్చగా వెలిగితేనే నొక్కండి. వెలగకపోతే ఫ్లైప్యాడ్ (కాక్‌పిట్‌లోని ట్యాబ్లెట్)లోని గ్రౌండ్ పేజీకి పోయి అడగాలి.

దానికి ముందు బ్యాటరీ ఓల్టేజ్. రెండూ 25.5 కన్నా పైన ఉండాలి. తక్కువుంటే బ్యాటరీ బటన్లు ఆటోలో ఉంచి ఎక్స్‌టర్నల్ పవర్‌తో 20 నిమిషాలు ఛార్జ్ చేయాలి. బ్యాటరీలు ఆన్ చేసి చెక్‌లిస్ట్ చదువుకుంటూ కూచోవద్దు, కరిగిపోతాయి. ఏపీయూ ఫైర్ టెస్ట్, మాస్టర్ స్విచ్, మూడు సెకన్లు ఆగి స్టార్ట్. అవైల్ వచ్చేదాకా ఓపిక పట్టండి.

తెరలు రాగానే ఏడీఐఆర్ఎస్ (విమానం ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో లెక్కగట్టే వ్యవస్థ) మూడు నాబ్‌లూ నావ్‌కి తిప్పేయండి, ఎక్కువ సమయం తీసుకునేది ఇదే. ఎంసీడీయూ (రూటు టైప్ చేసే చిన్న కంప్యూటర్) ఇనిట్ పేజీలో బయలుదేరేది, చేరేది రాస్తే (హైదరాబాదుకైతే వీఓటీపీ/వీఓహెచ్ఎస్) స్థానం దానికి అందుతుంది. గైరోలు భూభ్రమణాన్ని పట్టి ఉత్తరం వెతుక్కుంటాయి. ఆ భ్రమణంలో అడ్డంగా ఉండే భాగం భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ, ధ్రువాల వైపు తగ్గిపోతుంది. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి యూరప్ ఊళ్లకన్నా ఇక్కడ త్వరగా తేలుతుంది. అది పూర్తయ్యేదాకా విమానం కదలకూడదు, పుష్‌బ్యాక్ అడగొద్దు. వేచి ఉండలేకపోతే ఫ్లైప్యాడ్ సెట్టింగ్స్‌లో అలైన్ సమయం తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు ఎన్2. దాన్ని తిప్పేది కరెంటు కాదు, గాలి. ఏపీయూ నడుస్తున్నంత మాత్రాన గాలి రాదు, ఏపీయూ బ్లీడ్ బటన్ (దాని గాలిని పైపుల్లోకి వదిలేది) విడిగా నొక్కాలి. దాంతో పాటు ఎక్స్ బ్లీడ్ (క్రాస్‌బ్లీడ్) నాబ్ ఆటోలో ఉండాలి, ఇది చాలామంది కంటికి ఆనదు. ఏపీయూ గాలి వచ్చి కలిసేది ఎడమ వైపు పైపులో. కుడి వైపున్న ఇంజన్ 2కి చేరాలంటే నడుమ ఉన్న క్రాస్‌బ్లీడ్ వాల్వ్ తెరుచుకోవాలి. నాబ్ షట్‌లో ఉంటే ఇంజన్ 1 వస్తుంది, 2 రాదు. ఈసీఏఎం (వ్యవస్థల స్థితి చూపే తెర) బ్లీడ్ పేజీ తెరిస్తే గీతలే చెబుతాయి, గాలి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో.

ఇవి బాగుంటే చూడాల్సింది ఇంజన్ మోడ్ సెలెక్టర్. నార్మ్‌లో (మామూలు స్థానం) ఉంచి మాస్టర్ ఎంత లేపినా నేల మీద స్టార్ట్ మొదలవదు. ముందు ఇగ్నిషన్/స్టార్ట్‌కు తిప్పాలి. టాగుల్ స్విచ్‌కు మాస్టర్ కట్టి ఉంటే, తెర మీద మాస్టర్ నిజంగా లేచిందా అన్నదీ చూడండి.

ఫ్యూయల్ పంపులు, బీకన్, పుష్‌బ్యాక్ అయ్యాక ముందు ఇంజన్ 2 వేయడానికి కారణముంది. పచ్చ హైడ్రాలిక్‌ను ఇంజన్ 1, పసుపుదాన్ని ఇంజన్ 2 నడుపుతాయి. పార్కింగ్ బ్రేక్ ఆధారపడేది పసుపు మీద. నియో ఇంజన్ మొదట కొంతసేపు ఊరికే తిరిగి చల్లబడుతుంది, తెర మీద ‘కూలింగ్’ అని కనిపిస్తుంది. ఇరుక్కుపోయిందనుకొని మాస్టర్ దించేయొద్దు. రెండూ వచ్చాక సెలెక్టర్ నార్మ్‌కు, ఏపీయూ బ్లీడ్ ఆఫ్.

స్వర్ణముఖి72:
హైదరాబాద్ రూటుకు ఏటీఆర్ 72-600 వాడేవాళ్లుంటే ఒక మాట. దాంట్లో ఏపీయూ లేదు, ఎంత వెతికినా ఆ బటన్ దొరకదు. దాని బదులు కుడి ఇంజన్‌ను ప్రొపెల్లర్ బ్రేక్ వేసి నడుపుతారు, హోటల్ మోడ్ అంటారు. ప్రొపెల్లర్ తిరగదు, గాలి, కరెంటు వస్తాయి. గస్ట్ లాక్ (గాలికి విమానం కంట్రోల్స్ కదలకుండా పట్టేది) వేసి లేకపోతే ప్రొపెల్లర్ బ్రేక్ ఒప్పుకోదు, ఎక్కువమంది ఆగేది అక్కడే. స్టార్ట్ నొక్కాక ఎన్‌హెచ్ (ఇంజన్ లోపలి భాగం వేగం) 10 శాతం దాటితేనే ఇంధనం వదిలే కండిషన్ లివర్‌ను ఫ్యూయల్ షటాఫ్ నుంచి ఫెదర్‌కు తీసుకురండి. ముందే తోస్తే తిరిగే గాలి చాలక ఐటీటీ (టర్బైన్ లోపలి వేడి) ఎగబాకుతుంది.

చంద్రగిరి172:
ఎక్స్ బ్లీడ్ ఆటోలోనే ఉండింది, ఏపీయూ బ్లీడ్ నొక్కలేదు. ఇప్పుడు రెండు ఇంజన్లూ వచ్చాయి, చాలా సంతోషం అన్నా. సెస్నాలో చివరి సందేహం: 39 డిగ్రీలప్పుడు టేకాఫ్‌కు మిక్చర్ తగ్గించాలా?

రేణిగుంట26:
టేకాఫ్‌కు వద్దు. రన్‌వే ఎత్తు 3,000 అడుగులు దాటితేనే హ్యాండ్‌బుక్ తగ్గించమంటుంది, రేణిగుంట సుమారు 350 అడుగులే. కానీ 39 డిగ్రీలకు డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచబడి విమానానికి ఉన్నట్టనిపించే ఎత్తు) 3,300 అడుగుల దాకా పోతుంది, పరుగు ఎక్కువ పడుతుంది, ఎక్కడం నిదానిస్తుంది. దానికి తయారుగా ఉండు.

ట్యాక్సీలో మాత్రం తగ్గించు: 1,200 ఆర్‌పీఎంలో పెట్టి, ఆర్‌పీఎం గరిష్ఠానికి వచ్చేదాకా మిక్చర్ వెనక్కి లాగి, థ్రాటిల్ తగ్గించు. ప్లగ్గులకు మసి పట్టదు. రన్‌వే 08 లేదా 26 దగ్గర ఆగి మిక్చర్ ముందుకు పెట్టి 1,800 ఆర్‌పీఎంలో మాగ్నెటోలు (నిప్పురవ్వ పుట్టించేవి, రెండుంటాయి) చూడు. ఒక్కోదానికి ఆర్‌పీఎం 150కి మించి పడకూడదు, రెంటికీ తేడా 50 మించకూడదు.

ట్యాంకు నింపుకొని ఆ ఎండలోనే మళ్లీ వేసేటప్పుడు ప్రైమ్ చేయొద్దు. వేడి ఇంజన్‌లో ఆ మెట్టు వదిలేసి మిగతా వరస అట్లే చేయి.