సిజేరియన్ అయి ఆరో రోజు, పాలు చాలడం లేదు. డబ్బా పాలు ఎలా తగ్గించాలి?

అక్కయ్యపాలెం బాలింత:
పాప పుట్టినప్పుడు 2.9 కేజీలు. నిన్న క్లినిక్‌లో తూచితే 2.68. మూడో రోజు దాకా పాలు పడలేదని ఆస్పత్రిలో డబ్బా పాలు మొదలుపెట్టారు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు, 30 మి.లీ. చొప్పున సీసాతో పడుతున్నాం. రొమ్ము పట్టిస్తే ఐదు నిమిషాలకే నిద్రపోతుంది, పక్కన పడుకోబెడితే మళ్లీ ఏడుపు. చనుమొనలు చిట్లి మంట. పాప తాగాక పంపు పెడితే రెండు వైపులా కలిపి 15 మి.లీ. దాటడం లేదు. పాస్ రోజుకు నాలుగైదుసార్లు పోస్తోంది, మోషన్ ఇంకా ఆకుపచ్చగానే ఉంది. నీళ్లెక్కువ తాగితే పొట్ట దిగదని అత్తయ్యగారు, పాలసొర పిట్టు తింటే పాలు పడతాయని మా అమ్మ. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

ఎన్‌ఐసీయూ సిస్టర్:
ముందు అంకెలు చూద్దాం అమ్మా. 220 గ్రాములు తగ్గింది, అంటే ఏడున్నర శాతం. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే గానీ, ఐదో రోజుకల్లా ఆ తగ్గడం ఆగి బరువు పైకి తిరగాలి, మోషన్ పసుపురంగులోకి మారాలి, పాస్ 24 గంటల్లో ఆరుసార్లు దాటాలి. మీ పాప గీత మీద ఉంది. కాబట్టి డబ్బా పాలు ఈ రోజే ఆపేయకండి. రేపు అదే త్రాసు మీద, బట్టల్లేకుండా మళ్లీ తూయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి. కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి) గానీ ఘోషా ఆస్పత్రి గానీ దగ్గరైతే అక్కడ పిల్లల ఓపీకి వెళ్లొచ్చు. రేపు ఏడో రోజు, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తూయాల్సిన రోజు కూడా. (ఆస్పత్రి కాన్పుకి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తారు. రాకపోతే ఫోన్ చేసి పిలవండి.)

లేపినా లేవకపోవడం, పాస్ ఆగిపోవడం లేదా ఇటుకరంగులో రావడం, అరికాళ్ల దాకా పచ్చబడటం, ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ దాటి కాలడం, లేదా చల్లబడటం: వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకూడదు.

ఇక అసలు సంగతి. చనుమొనలు చిట్లాయి, ఐదు నిమిషాలకే నిద్ర, మోషన్ రంగు మారలేదు. ఈ మూడూ కలిస్తే నాకు ముందు అనుమానం పట్టు మీదే. పాప మొన ఒక్కటే చప్పరిస్తోంది, పాలు లాగడం లేదు. తాగి వదిలేశాక మొన చూడండి: గుండ్రంగా ఉండాలి. నొక్కేసినట్టు ఏటవాలుగా, చివర తెల్లగా ఉంటే పట్టు తప్పినట్టే.

కుట్ల మీద బరువు పడకుండా పాపని చంక కింద, కాళ్లు మీ వెనక్కి వచ్చేలా పట్టుకోండి. కింద దిండు వేస్తే పాపే రొమ్ము ఎత్తుకి వస్తుంది, మీరు వంగక్కర్లేదు. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. తల వెనక నుంచి నొక్కకండి, మెడ కింద పట్టు ఇవ్వండి. మొన పాప ముక్కుకి ఎదురుగా ఉంచి పై పెదవికి తాకిస్తే నోరు ఆవలింతంత పెద్దగా తెరుస్తుంది. ఆ క్షణంలో గడ్డం ముందు తగిలేలా దగ్గరికి లాక్కోండి. సరిగ్గా పట్టిందంటే గడ్డం రొమ్ముకి అతుక్కుని, కింది పెదవి బయటికి మడిచి, నల్లటి భాగం కింద కన్నా పైన ఎక్కువ కనిపిస్తుంది. బుగ్గలు లోపలికి పోకూడదు. మొదటి అర నిమిషం దాటాక కూడా నొప్పి ఉంటే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. ఊరికే లాగేస్తే మొన ఇంకా చిట్లుతుంది.

నిద్రపోతుంటే చేత్తో రొమ్ముని వెనక నుంచి మెల్లిగా నొక్కి పట్టండి. పాలు జారితే మళ్లీ గుటకేస్తుంది. గుటక ఆగగానే వదిలి, చోటు మార్చి మళ్లీ నొక్కండి. అలా కూడా కదలకపోతే రెండో వైపుకి మార్చి, మళ్లీ మొదటి వైపుకి రండి. గుడ్డల్లో బిగించి చుట్టిన పిల్ల తాగేటప్పుడు బాగా నిద్రపోతుంది, డైపర్ ఒక్కటి ఉంచి మీ ఒంటికి ఆనించుకోండి. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. ఏడ్చేదాకా ఆగకండి, చేయి నోట్లో పెట్టుకుంటోందంటే అప్పటికే ఆకలి. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు పాలలోకి పోతాయని మానొద్దు. నొప్పితో ఉంటే పాలు చేపవు.

గాజువాక_అమ్ములు:
సిస్టర్ గారు పట్టు సంగతి చెప్పారు, నేను పంపు సంగతి చెప్తాను. పాప తాగాక 15 మి.లీ. రావడం ఆరో రోజుకి తక్కువేమీ కాదండీ. వారం నిండిన బిడ్డకి కేజీకి సుమారు 150 మి.లీ. లెక్కన మీ పాపకి రోజుకు 400 దాకా కావాలి, డబ్బాతో వెళ్తున్నది 120. మిగతాది రొమ్ములోంచి వస్తోందో లేదో పంపు చెప్పదు. త్రాసూ తడి డైపర్లే చెప్తాయి.

రొమ్ములో పాలు నిలిచిపోతే, తయారీ తగ్గించమని ఆ నిలిచిన పాలే చెప్తాయి. ఖాళీ అయితే వేగం పెరుగుతుంది. మీరు డబ్బా పట్టిన నాలుగుసార్లూ రొమ్ము నిండుగా ఉండిపోతోంది కాబట్టి, ఆ ప్రతిసారీ పాలు తీయడం తప్పనిసరి. అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు ఒక్కసారైనా తీయాలి. ఆ వేళ పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ ఎక్కువ.

పంపులో రొమ్ముకి ఆనించే గరాటు సైజు చూసుకోండి. పెట్టెలో చాలాసార్లు 24 మి.మీ. వస్తుంది, అది అందరికీ సరిపోదు. మొన అడ్డంగా కొలిచి, దానికి రెండు మూడు మి.మీ. కలిపితే మీ సైజు. మొన గోడలకి రాసుకుంటే చిన్నదైనట్టు, నల్లటి భాగం కూడా లోపలికి పోతే పెద్దదైనట్టు. లాగుడు ఎక్కువ పెడితే ఎక్కువ పాలు వస్తాయనుకోవడం భ్రమ, నొప్పి మొదలయ్యే ముందు మెట్టు చాలు. వేడి తువ్వాలు రెండు నిమిషాలు కాపడం పెట్టి, పక్కల నుంచి మొన వైపు నిమిరి, 10–15 నిమిషాలు తీయండి, చుక్కలు ఆగాక ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత చేత్తో పిండితే మిగిలిందీ వస్తుంది: బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, మొనకి రెండు మూడు సెం.మీ. వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలాలి. చర్మం మీద జార్చకూడదు.

రోజుకొక గంట, తీరిక ఉన్న పూట: 20 నిమిషాలు పంపు, 10 విశ్రాంతి, 10 పంపు, 10 విశ్రాంతి, 10 పంపు. తేడా అదే రోజు కనపడదు, రెండు మూడు రోజులు పడుతుంది, వారం కూడా పట్టొచ్చు. చాలామంది సరిగ్గా మూడో రోజే విసుగొచ్చి మానేస్తారు.

తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయన్న లెక్క 25 డిగ్రీల గదికి. మన విశాఖ ఉక్కపోతలో అంతసేపు నమ్మకండి. వెంటనే పట్టండి, లేదా ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టండి (తలుపులో కాదు), నాలుగు రోజుల్లోపు వాడండి. వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాలి, మైక్రోవేవ్ వద్దు. సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసాకి అలవాటైతే రొమ్ము దగ్గర అలుగుతుంది.

వంటింటి డైటీషియన్:
నీళ్ల విషయంలో అత్తయ్యగారి మాట వినకండి, మెల్లిగా చెప్పండి. పాలలో 87 శాతం నీరే. దాహం తీరేదాకా తాగాలి, పాపకి పట్టేటప్పుడు పక్కన గ్లాసు ఉంచుకుంటే చాలు. అయితే బలవంతంగా బిందెడు తాగినా పాలు పెరగవు. పాపకి మాత్రం ఎండాకాలమైనా చుక్క నీరు వద్దు, తేనె అసలే వద్దు.

పాలసొర పిట్టు గురించి మీ అమ్మగారికి కోపం రావచ్చు గానీ, సొరచేపలో పాదరసం ఎక్కువ, బాలింతలకి మంచిది కాదు. ఆ చేత్తోనే హార్బర్ నుంచి నెత్తళ్లు, కవళ్లు తెప్పించమనండి. చిన్న చేపల్లో పాదరసం తక్కువ, మాంసకృత్తులు బోలెడు. శాకాహారమైతే తెలగపిండి, మునగాకు కూర: గానుగ దగ్గర తినడానికని అమ్మే తాజా పిండే కొనండి, పశువుల దాణా చెక్క కాదు. కప్పు పిండికి కప్పున్నర నీళ్లు మరిగించి, మునగాకు వేసి ఉడికాక పిండి చల్లి పొడిపొడిగా అయ్యేదాకా మగ్గనిచ్చి, వెల్లుల్లి పోపు పెట్టడమే. ఇది పాలు పుట్టించే మందు అని నేననను. పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, కారప్పొడీ అన్నంతో పథ్యం చేస్తే అవి రావు, ఈ కూరతో కొంత వస్తాయి. అంతే.

మెంతులు, శతావరి పొడులకి గట్టి రుజువులు లేవు. షుగర్ మందు వాడేవాళ్లు మెంతుల పొడి గుప్పెళ్లకొద్దీ తింటే షుగర్ పడిపోవచ్చు. పాలు పెరుగుతాయని మందుల షాపులో డోమ్‌పెరిడోన్ మాత్రలు అడిగి కొనకండి. డాక్టర్లు కొందరికి 10 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాస్తారు, కానీ గుండె లయ తేడా ఉన్నవాళ్లకి, కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు వాడుతున్నవాళ్లకి అది ప్రమాదం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులూ పాలు తగ్గిస్తాయి.

అక్కయ్యపాలెం బాలింత:
చాలా థాంక్స్ అండీ. మొన చూశాను, ఏటవాలుగానే ఉంది. డబ్బా ఎప్పుడు తగ్గించమంటారు? పట్టు సరిచేసినా పాలు పెరగకపోతే?

ఎన్‌ఐసీయూ సిస్టర్:
రోజుకు 20–30 గ్రాములు పెరుగుతూ, పాస్ ఆరుసార్లు దాటితే, డాక్టరుతో మాట్లాడి రోజు మొత్తం డబ్బా పాలలో 30 మి.లీ. తగ్గించండి. రెండు మూడు రోజులాగి మళ్లీ తూయించి, పెరుగుతుంటే ఇంకో 30. ఒక్కసారి మొత్తం ఆపితే ఆకలికి ఇంకా నీరసించి, పట్టడమే మానేస్తుంది. డబ్బా పొడి పెట్టె మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, పల్చగా చేసి తగ్గించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. 14 రోజులకి పుట్టినప్పటి బరువు అందుకోవాలి.

పది రోజులు ఇవన్నీ సరిగ్గా చేసినా రొమ్ములు బరువెక్కకపోతే మీకే పరీక్షలు కావాలి: హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్. కాన్పప్పుడు రక్తం బాగా పోయిందా, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉందా, గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు కొంచెమైనా పెరిగాయా అన్నవి డాక్టరుకు చెప్పండి. ఎర్రటి స్రావం ఎక్కువగా పోతుంటే మాయ ముక్క లోపల మిగిలిందేమో స్కాన్ చేయించాలి, అది ఉన్నంతకాలం పాలు సరిగ్గా దిగవు. ఇది పది రోజులాగి చూసేది కాదు, అలా ఉంటే రేపు పాపతోపాటు మీరూ చూపించుకోండి.