ట్రెంచ్ కోటుకి ఏ గుడ్డ తీసుకోవాలి? మూడు శాంపిళ్ల దగ్గర ఆగిపోయాను

కచ్చాకుట్టు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చొక్కాలు, ప్యాంట్లు, లైనింగ్ లేని బ్లేజర్ ఒకటి కుట్టాను. ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చే ట్రెంచ్ కోటు కుడదామని కూర్చున్నాను. రెండు వరుసల గుండీలు, నడుముకి బెల్టు, భుజాల మీద పట్టీలు, కుడివైపు ఛాతీ మీద వచ్చే ఆ అదనపు ఫ్లాపు, వీపు మీద వాన నీళ్లు జారిపోయే రెండో పొర, అన్నీ ఉండాలి. ప్యాటర్న్ తయారుగా ఉంది, కోరా గుడ్డతో ఒకసారి కుట్టి ఫిట్టింగ్ కూడా సరిచూసుకున్నాను. చేతులు మామూలుగా చంక దగ్గర అతికేవే, మెడ దాకా ఏటవాలు కుట్టుతో వెళ్లే రాగ్లాన్ కాదు.

శాంపిళ్లు మూడు తెప్పించుకున్నాను. మొదటిది కాటన్ గాబర్డీన్, నేత బాగా బిగువు, ముట్టుకుంటే కొంచెం గట్టిగా ఉంది. రెండోది పాలిస్టర్ విస్కోస్ సూటింగ్, అందులో 3 శాతం లైక్రా, భుజం మీద వేసుకుని అద్దంలో చూస్తే జారుడు, అంటే గుడ్డ ఒంటి మీద వేలాడే తీరు, అన్నిటికంటే దీనిదే అందంగా ఉంది. మూడోది లోపలివైపు పూత వేసిన కాటన్, నీళ్లు పోస్తే ఒక్క చుక్క కూడా దిగలేదు కానీ నలిపితే కాగితంలా చప్పుడు చేస్తోంది.

నాకు వానలో గంటలకొద్దీ తిరిగే పని లేదు, పది పదిహేను నిమిషాలు నడిచేటప్పుడు తడవకపోతే చాలు. ఇంట్లో వాడే మామూలు మిషనే ఉంది. ఇంత గుడ్డ, ఇంత శ్రమ పెట్టి చివర్లో నైటీలా వేలాడే కోటు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీరైతే దేన్ని తీసుకుంటారు, ఎందుకు?

పడుగుపేక:

గాబర్డీన్ తీసుకోండి. అయితే ముందు ఆ శాంపిల్‌కి కొన్ని పరీక్షలు పెట్టండి, ఎందుకంటే గాబర్డీన్ అని అమ్మేదంతా ఒకేలా ఉండదు.

ఈ కోటు పుట్టిందే ఆ గుడ్డ మీద. 1879లో థామస్ బర్బెరీ దాన్ని తయారుచేశాడు, 1888లో పేటెంట్ వచ్చింది. అందులో కిటుకు ఏమిటంటే నేసిన గుడ్డకి పైన పూత పూయకుండా, నేయకముందే నూలుకే నీరు పట్టని మందు పట్టించి, తర్వాత బాగా దగ్గర దగ్గరగా ఏటవాలు గీతలు వచ్చేలా నేయడం. పడుగు పోగులు పేక పోగుల కంటే ఒత్తుగా ఉంటాయి, అందుకే గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందులు కనిపించవు. మీ శాంపిల్‌ని కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. సన్నటి చుక్కల్లా వెలుతురు దిగుతుంటే అది గాబర్డీన్ పేరుతో వచ్చిన మామూలు ట్విల్లే (ఏటవాలు గీతల నేత గుడ్డ).

తర్వాత బరువు. 20 సెం.మీ. చదరం కత్తిరించి వంటింటి త్రాసు మీద పెట్టండి, వచ్చిన గ్రాముల్ని 25తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో తెలుస్తుంది. 10 గ్రాములు తూగితే 250 అన్నమాట. లైనింగ్ వేసే ట్రెంచ్ కోటుకి నా లెక్కలో 220 నుంచి 280 వరకు బాగుంటుంది. 200 కంటే తక్కువైతే కాలర్ నిలబడదు, బెల్టు బిగించగానే నడుము దగ్గర ముడతలు ముద్దగా చేరతాయి. 350 వైపు వెళ్తే ఇంకో తిప్పలు. 150 సెం.మీ. పన్నాలో 4 మీటర్లు అంటే 6 చదరపు మీటర్లు, పైగుడ్డే రెండు కిలోలు దాటుతుంది. కత్తిరింపులో కొంత పోతుంది, నిజమే, కానీ లైనింగూ గుండీలూ కలిస్తే మళ్లీ అంతకి అంత అవుతుంది, రోజంతా భుజాల మీద మోయాల్సింది మీరే.

అన్నిటికంటే నేను ఎక్కువగా చూసేది పొరలు. భుజం పట్టీ మెడ దగ్గర మొదలయ్యే చోట ఏమేం కలుస్తాయో ఒకసారి లెక్కపెట్టండి: భుజం కుట్టు, దాని లోపల మడిచిన గుడ్డ, ఛాతీ ఫ్లాపు రెండు పొరలు, పట్టీ రెండు పొరలు, ఆ పైన కాలర్ అతుకు. ఏడెనిమిది పొరలు సులువుగా అవుతాయి. శాంపిల్‌ని ఎనిమిది మడతలు పెట్టి, 16 నంబర్ సూది వేసి మీ మిషన్ మీద ఒక గీత కుట్టి చూడండి. కుట్టు దాటేసినా, మిషన్ మూలిగినా, చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వచ్చినా ఆ గుడ్డ ఎంత బాగున్నా మీ మిషన్‌కి అది వద్దు.

లైక్రా గుడ్డ గురించి కూడా చెప్పాలి, మీ మనసు దాని మీదే ఉన్నట్టుంది కాబట్టి. జారుడు అందమే, కాదనను, కానీ ట్రెంచ్ కోటుకి కావలసింది పదునైన అంచులు. సాగే గుడ్డని, అందులోనూ పాలిస్టర్ ఎక్కువున్నదాన్ని, ఇస్త్రీ చేసి మడత నొక్కితే వేడి చల్లారేలోపే మళ్లీ ఉబ్బుతుంది. లాపెల్ (కాలర్ కింద ఛాతీ మీదకి మడిచే భాగం) అంచు గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉండిపోతుంది. చిన్న ముక్క మడిచి ఆవిరి ఇస్త్రీ పెట్టి, పైన చెక్క ముక్క పెట్టి ఒక నిమిషం నొక్కి ఉంచండి, పది నిమిషాల తర్వాత వచ్చి చూడండి. మడత కత్తిలా ఉంటే పనికొస్తుంది, లేకపోతే దానితో వేరే ఏదైనా కుట్టుకోండి.

నీలిదారం:

పూత వేసిన గుడ్డని అంత తేలిగ్గా తీసేయకండి. నేను దానితోనే కుట్టాను, మూడేళ్లుగా వేసుకుంటున్నాను, గట్టి వానలో కూడా లోపల పొడిగా ఉంటుంది. కాకపోతే ముందే తెలిసి దిగాలి. గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం అలాగే ఉండిపోతుంది, కాబట్టి గుండుసూదుల బదులు క్లిప్పులు పెట్టాలి, కచ్చా కుట్టు వేస్తే కుట్టుకి వదిలిన మార్జిన్‌లోనే వేయాలి, తప్పు కుట్టి విప్పితే చుక్కల వరుస కనిపిస్తూనే ఉంటుంది. నీళ్లు దిగేది కూడా కుట్ల దగ్గరే, లోపల టేపు అతికించకపోతే గుడ్డ ఎంత మంచిదైనా భుజం కుట్టు తడుస్తుంది. కాలర్ లాంటివి గట్టిగా నిలబడటానికి ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ బక్రం దీనికి సరిగ్గా అతకదు. కచ్చాకుట్టు గారు, మీకు పదిహేను నిమిషాల వానే కాబట్టి నా ఓటు కూడా గాబర్డీన్‌కే, కానీ ఎక్కువసేపు వానలో పని ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చదివితే పూత గుడ్డని వదలొద్దు.

కచ్చాకుట్టు:

చాలా థాంక్స్ ఇద్దరికీ. పడుగుపేక గారు, ఎనిమిది మడతల సంగతి నాకు అసలు తట్టనే లేదు, రేపే చూస్తాను. గాబర్డీన్ అయితే చేతులు అతికేటప్పుడు ఇబ్బంది అని ఎక్కడో విన్నాను, అది నిజమేనా?

ఆవిరిపెట్టె:

నిజమే, ఆ ప్రశ్న అడిగి మంచి పని చేశారు, నా మొదటి కోటు అక్కడే పాడైంది. చేయి పైభాగం చుట్టుకొలత చంక చుట్టుకొలత కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది కదా, ఆ ఎక్కువని కుట్టులో కుదించి ఇముడ్చుతాం. ఉన్ని గుడ్డ అయితే ఆవిరి తగలగానే ముడుచుకుని ఎంత ఇచ్చినా మింగేస్తుంది. బిగువుగా నేసిన కాటన్‌లో పోగులకి కదిలే చోటు లేదు, ఎంత నీళ్లు చల్లి ఇస్త్రీ చేసినా కదలవు. నా ప్యాటర్న్‌లో ఆ తేడా 4 సెం.మీ. ఉండేది, అలాగే కుట్టేశాను, భుజం ముందువైపు చిన్న చిన్న కుచ్చులు వచ్చాయి, మూడుసార్లు విప్పి కుట్టాను, మూడోసారికి సూది రంధ్రాలు తెల్లగా కనిపించడం మొదలైంది. ఆ కోటుని ఇప్పటికీ చూసినప్పుడల్లా నా కళ్లు ముందు ఆ భుజం మీదకే పోతాయి. రెండో కోటుకి కాగితం మీదే ఆ తేడాని 1.5 సెం.మీ.కి తగ్గించాను, ఒక్కసారికే కూర్చుంది. మీ ప్యాటర్న్‌లో రెండు చుట్టుకొలతలూ టేపుతో కొలిచి చూసుకోండి, కత్తెర పట్టకముందే. రాగ్లాన్ చేతికి మార్చుకునే ఓపిక ఉంటే ఈ గొడవే ఉండదు.

ఇంకోటి, కాటన్ అయితే కత్తిరించకముందు తప్పకుండా ఉతకండి, కోటుని తర్వాత ఎలా ఉతుకుతారో అలాగే. వాషింగ్ మిషన్‌లో మడతలు పడి గీతలు పడతాయి, అందుకే నేను టబ్బులో నానబెట్టి, పిండకుండా ఆరవేస్తాను. వానని ఆపే ఫినిష్ ఉన్న గుడ్డ అయితే ఉతికిన తర్వాత నీటి చుక్క వేసి చూడండి, పూసలా నిలబడకపోతే కోటు పూర్తయ్యాక నీరు పట్టని స్ప్రే కొట్టుకోవచ్చు. ఇస్త్రీ ఎప్పుడూ లోపలివైపు నుంచే చేయండి, పైవైపు తప్పదనుకుంటే మీద పల్చటి గుడ్డ వేసి చేయండి, లేకపోతే కుట్టు మీద మెరుపు వస్తుంది, అది పోదు. ముక్కలన్నీ ఒకే దిశలో పెట్టి కత్తిరించండి, ఏటవాలు నేత తలకిందులైతే వెలుతురులో ఒక ముక్క ముదురుగా, ఇంకోటి లేతగా కనిపిస్తుంది. దీనికి గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది.

కచ్చాకుట్టు:

పరీక్షలన్నీ చేశాను, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. గాబర్డీన్ 20 సెం.మీ. ముక్క సరిగ్గా 10 గ్రాములు తూగింది. వెలుతురు దిగలేదు. ఉతికి ఆరాక పొడవు 19.2కి, వెడల్పు 19.8కి వచ్చింది, అంటే పొడవులో 4 శాతం పోయింది, 4 మీటర్లకి 16 సెం.మీ. తగ్గుతుంది, ఉతక్కుండా కుట్టి ఉంటే చేతులు మణికట్టు పైకి వెళ్లేవి. ఎనిమిది మడతలు 14 నంబర్ సూదితో ఆగిపోయాయి, 16తో నెమ్మదిగా దాటాయి. లైక్రా గుడ్డ ఇస్త్రీ పరీక్షలో తేలిపోయింది, పది నిమిషాలకే మడత విచ్చుకుంది, మనసుకి కష్టంగానే ఉంది. చేతి తేడా కొలిస్తే 3.6 వచ్చింది, తగ్గిస్తున్నాను. ఒకే దిశ కటింగ్ కోసం కలిపి నాలుగున్నర మీటర్లు ఆర్డర్ పెట్టాను.

లైనింగ్ ఒక్కటే మిగిలింది. విస్కోస్ సరిపోతుందా?

పడుగుపేక:

బాగా సరిపోతుంది, పాలిస్టర్ కంటే ఒంటికి హాయిగా ఉంటుంది, కానీ అది కూడా కుంచించుకుపోతుంది, పైగుడ్డతో పాటే తడిపి ఆరేయండి. కుప్రో (పత్తి గింజల నూగు నుంచి తీసే నున్నటి లైనింగ్ గుడ్డ) దొరికితే ఇంకా మంచిది. వీపు మధ్యలో పైనుంచి కింది దాకా 2.5 సెం.మీ. మడత వదలండి, లేకపోతే చేతులు ముందుకి చాపగానే లైనింగ్ చంక దగ్గర చిరుగుతుంది. మొత్తం లైనింగ్ ఒకే గుడ్డ అక్కర్లేదు, చేతులకి మాత్రం జారేదే వేయండి, స్వెటర్ మీద కోటు తొడుక్కునేటప్పుడు పట్టేసేది అక్కడే.